చెక్ భాషలో లింగాలు, విభక్తులు: ఒక తెలుగువారికి సమాధానం

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. ఉద్యోగరీత్యా చెక్ దేశంలోని బ్ర్నో నగరానికి వచ్చి చెక్ నేర్చుకుంటున్నారు. 3 లింగాలు, 7 విభక్తులు, 2 వచనాలు, వాటికి 14 నమూనా శబ్దాలు ఉన్న పట్టికను తరగతిలో చేతికిచ్చి కంఠస్థం చేయమన్నారు. వల్లె వేసినంతసేపు వస్తున్నది గాని, అంగట్లో నిలబడి మాట్లాడబోతే ఒక్క ప్రత్యయమూ నోటికి రావడం లేదు. లింగాన్ని ఎలా గుర్తుపెట్టుకోవాలి, విభక్తులను ఏ వరుసలో నేర్చుకోవాలి, పట్టికలు అసలు అవసరమా అన్నవి మీ ప్రశ్నలు. ఈ దేశంలో చాలా కాలంగా ఉంటూ, కొత్తగా వచ్చిన మనవాళ్ళకు ఈ భాష నేర్పుతున్న అనుభవంతో సమాధానం రాస్తున్నాను.

పట్టికలు అవసరమే, అయితే అవి ముందు రాకూడదు. నామవాచకాన్ని ఎప్పుడూ ఒక విశేషణంతో జతచేసి నేర్చుకోవాలి. విభక్తి ప్రత్యయాన్ని దాన్ని కోరే ఉపసర్గతోనో (నామవాచకం ముందు విడిగా వచ్చే ‘దొ’, ‘స్’ వంటి చిన్న మాట) క్రియతోనో కలిపి నేర్చుకోవాలి. వీటితోపాటు, చెక్ వాక్యాన్ని ఇంగ్లీషు మీదుగా కాక నేరుగా తెలుగు నుంచి ఆలోచించడం అలవాటు చేసుకోవాలి. మనవాళ్ళు పడుతున్న కష్టంలో సగం ఈ మూడోది చేయకపోవడం వల్లనే అని నా దృఢమైన అభిప్రాయం. విభక్తులన్నవే దాదాపు లేని ఇంగ్లీషు ద్వారా, విభక్తులు నిండుగా ఉన్న తెలుగువాడు, విభక్తులే ప్రాణమైన చెక్‌ను నేర్చుకోవడం చుట్టుదారి.

చెక్ మాటలను ఇక్కడ తెలుగు లిపిలోనే రాస్తున్నాను. హ్రస్వ దీర్ఘాల తేడా చెక్‌లోనూ ముఖ్యమే కనుక వాటిని అలాగే ఉంచాను. ఖ, ఝ, ర్ఝ అని రాసినచోట ఆ ధ్వనులు మన అక్షరాలకు సరిగ్గా సరిపోవని గమనించి, ఉచ్చారణను చెక్‌వారి నోటినుంచే పట్టుకోండి.

మొదట మీకు ఇప్పటికే వచ్చిన మూడు పలకరింపులను చూడండి. పగలు కలిసినవారితో ‘దొబ్రీ దెన్’ అంటారు, పొద్దున ‘దొబ్రే రానొ’ అంటారు, రాత్రి విడిపోయేటప్పుడు ‘దొబ్రౌ నొత్స్’ అంటారు. మంచి అనే ఒకే విశేషణం మూడు చోట్ల మూడు రూపాలు తీసుకుంది. పగలు అనే ‘దెన్’ పుంలింగం, ఉదయం అనే ‘రానొ’ నపుంసకం, రాత్రి అనే ‘నొత్స్’ స్త్రీలింగం కావడమే దీనికి కారణం. ఇంకొక సంగతి కూడా ఇందులో ఉంది. ఇవి కోరుకుంటున్న శుభాలు కనుక మూడూ కర్మార్థంలో, అంటే చెక్ లెక్కలో నాలుగో విభక్తిలో ఉన్నాయి. పుంలింగ నిర్జీవానికీ నపుంసకానికీ నాలుగో విభక్తి మొదటి విభక్తిలాగే ఉంటుంది కాబట్టి ‘దొబ్రీ’, ‘దొబ్రే’ మారలేదు. స్త్రీలింగంలో మాత్రం ‘దొబ్రా’ అన్నది ‘దొబ్రౌ’ అయింది. 3 లింగాలూ ఒక విభక్తీ మీరు వచ్చిన తొలి రోజు నుంచే తప్పు లేకుండా వాడుతున్నారన్నమాట. పట్టిక చూసి కాదు, పదబంధాన్ని మొత్తంగా పట్టుకోవడం వల్ల అది సాధ్యమైంది. మిగతా భాషను కూడా ఇదే పద్ధతిలో పట్టుకోవచ్చు.

ఇక లింగం. తెలుగులో లింగం అర్థాన్ని అనుసరిస్తుంది. మగవాడైతే ‘వచ్చాడు’, స్త్రీ అయినా కుక్క అయినా బండి అయినా ‘వచ్చింది’. చెక్‌లో బల్ల పుంలింగం, పుస్తకం స్త్రీలింగం, కిటికీ నపుంసకం. అర్థంతో దీనికి పొత్తు లేదు. హిందీలో ‘మేజ్’ స్త్రీలింగం ఎందుకని హైదరాబాదులో బడిపిల్లలు అడిగే ప్రశ్నకు సమాధానం లేనట్టే దీనికీ లేదు. అయితే హిందీకంటే చెక్ ఈ విషయంలో చాలా దయగలది, ఎందుకంటే పదాంతమే ఎక్కువసార్లు లింగాన్ని చెప్పేస్తుంది. హల్లుతో ముగిస్తే చాలావరకు పుంలింగం, అకారంతో ముగిస్తే స్త్రీలింగం, ఒకారంతో ముగిస్తే నపుంసకం. స్టేషను అనే ‘నాద్రఝీ’, కూడలి అనే ‘నామ్యెస్తీ’ వంటి ఈకారాంతాలు నపుంసకాలు. ‘ముజెఉమ్’, ‘త్సెంత్రుమ్’ వంటి అరువు మాటలు కూడా నపుంసకాలే. అకారాంతమైనా వృత్తిని బట్టి మగవాడిని చెప్పే ‘తురిస్త’, ‘కొలెగ’, ‘ప్ర్ఝెద్సెద’ వంటివి పుంలింగాలు. ఇక్కడ మాత్రం అర్థమే గెలుస్తుంది.

మీ శ్రమను పెట్టవలసిన చోట్లు రెండే. మొదటిది, హల్లుతో ముగిసినా స్త్రీలింగమైన మాటలు. రాత్రి (నొత్స్), వస్తువు (వ్యెత్స్), మాట (ర్ఝెచ్), సహాయం (పొమొత్స్), ఉప్పు (సూల్), రక్తం (క్రెఫ్), మంచం (పొస్తెల్), ట్రాము (త్రమ్వయ్), సీసా (లాహెఫ్), ఆఫీసు గది (కంత్సెలార్ఝ్) ఇలాంటివి. ఇవన్నీ రోజూ వాడే మాటలే కావడం వల్ల తప్పు కూడా రోజూ దొర్లుతుంది. వీటిలో ఒక పెద్ద గుంపుకు మాత్రం గుర్తు ఉంది: ‘ఒస్త్’ ప్రత్యయంతో ముగిసే మాటలు, అంటే సంతోషం అనే ‘రదొస్త్’, గది అనే ‘మీస్త్నొస్త్’ వంటివి స్త్రీలింగాలు. అతిథి అనే ‘హొస్త్’, వంతెన అనే ‘మొస్త్’ ఆ గుంపులోవి కావు, అవి పుంలింగాలు. రెండోది, ఎకారంతో ముగిసేవి. వీధి (ఉలిత్సె), పని (ప్రాత్సె), రెస్టారెంటు (రెస్తవ్రత్సె) వంటివి ఎక్కువ భాగం స్త్రీలింగాలు. సముద్రం (మొర్ఝె), పొలం (పొలె), సూర్యుడు (స్లున్త్సె), గుండె (స్ర్త్సె), గుడ్డు (వెయ్త్సె) నపుంసకాలు; జంతువుల పిల్లలూ మనిషి బిడ్డా నపుంసకాలే. న్యాయమూర్తి (సౌద్త్సె), దారి చూపేవాడు (ప్రూవొద్త్సె) పుంలింగాలు. బిడ్డ అనే ‘ద్యీత్యె’ ఏకవచనంలో నపుంసకమై, బహువచనంలో ‘ద్యెతి’గా మారి స్త్రీలింగమవుతుంది, ఇలాంటివాటిని తర్కించకుండా వాక్యంలో వినిపించినట్టే తీసుకోవాలి.

చాలామంది గురువులు నామవాచకాన్ని ‘తెన్, త, తొ’ అనే నిర్దేశకాలతో కలిపి నేర్చుకోమంటారు. అది మంచిదే, అయినా దానికంటే విశేషణంతో కలపడం మేలని నేనంటాను. ‘త పొస్తెల్’ అని పదిసార్లు అనుకున్నా అది శబ్దంగానే మిగిలిపోవచ్చు. ‘వెల్కా పొస్తెల్’, అంటే పెద్ద మంచం, అన్నప్పుడు ఒక బొమ్మ కూడా మనసులో నిలుస్తుంది. పైగా తెలుగులో విశేషణం మారదు: మంచి అబ్బాయి, మంచి అమ్మాయి, మంచి పుస్తకం. చెక్‌లో విశేషణం నామవాచకంతోపాటు లింగానికీ వచనానికీ విభక్తికీ మారుతుంది. మనవాళ్ళ నోట అన్నిటికంటే ఆలస్యంగా స్థిరపడేది ఇదే, కనుక మొదటి నుంచే జంటగా అలవాటు చేసుకోవడం వల్ల తరువాతి కష్టం తగ్గుతుంది. అలాగే తెలుగులో ‘నేను వచ్చాను’ అన్నదానికి లింగభేదం లేదు. చెక్‌లో పురుషుడు ‘ప్ర్ఝిషెల్ య్సెమ్’ అనాలి, స్త్రీ ‘ప్ర్ఝిష్ల య్సెమ్’ అనాలి. మీ గురించి మీరు చెప్పుకొనే ప్రతి భూతకాల వాక్యంలోనూ ఇది వస్తుంది.

పుంలింగంలో సజీవం, నిర్జీవం అనే భేదం చూసి భయపడుతున్నామని చాలామంది అంటారు. ఇది మాత్రం తెలుగువారికి కొత్తది కాదు. ‘రవిని చూశాను’, ‘కుక్కను చూశాను’ అంటాం, కాని ‘సినిమా చూశాను’, ‘పుస్తకం చదివాను’ అంటాం; ప్రాణమున్నదానికి ద్వితీయా ప్రత్యయం తప్పనిసరి, లేనిదానికి తరచు వదిలేస్తాం. చెక్ పుంలింగం సరిగ్గా ఇదే పని చేస్తుంది. కోటను చూస్తే ‘విదీమ్ హ్రద్’, మాట మారదు. కుక్కను చూస్తే ‘పెస్’ మారి ‘విదీమ్ ప్స’ అవుతుంది. అన్ననో తమ్ముణ్ణో చూస్తే ‘బ్రత్ర్’ మారి ‘విదీమ్ బ్రత్ర’ అవుతుంది. ఇంగ్లీషు వివరణలో పేజీలకు పేజీలు పట్టే ఈ సంగతిని తెలుగువాడు ఒక్క వాక్యంతో గ్రహించగలడు. తేడా ఒక్కటే: తెలుగులో ఇది అన్ని నామాలకూ వర్తిస్తుంది, చెక్ ఏకవచనంలో పుంలింగానికి మాత్రమే.

విభక్తులకు వస్తే, ముందుగా అంకెల విషయంలో ఒక హెచ్చరిక. చెక్ బడుల్లో విభక్తులను అంకెలతోనే పిలుస్తారు, కాని ఆ వరుస మన ప్రథమ, ద్వితీయలతో కలవదు. వారి రెండోది మన ‘యొక్క’కు దగ్గర, మూడోది ‘కి, కు’, నాలుగోది ‘ని, ను’, ఐదోది సంబోధన, ఆరోది ‘లో, గురించి’, ఏడోది ‘తో, చేత’. ఆరో విభక్తి ఉపసర్గ లేకుండా ఎప్పుడూ రాదు. చెక్ పిల్లలు వీటిని ప్రశ్నలతో గుర్తుపెట్టుకుంటారు: ‘కొహొ, చెహొ’, ‘కొము, చెము’, ‘ఒ కొమ్, ఒ చెమ్’, ‘స్ కీమ్, స్ చీమ్’. మీరూ ఎవరికి, దేనికి. ఎవరి గురించి, దేని గురించి. ఎవరితో, దేనితో అనుకుంటూ వాటి పక్కన ఇవి చేర్చుకోండి.

తెలుగు నుంచి ఆలోచించమని ఎందుకంటున్నానో మూడో విభక్తిలో స్పష్టంగా కనబడుతుంది. ‘నాకు చలిగా ఉంది’ అనడానికి చెక్‌లో ‘యె మి జిమ’, ‘నాకు ప్రాగ్ నచ్చింది’ అనడానికి ‘లీబీ సె మి ప్రహ’, ‘నాకు ముప్ఫై ఏళ్ళు’ అనడానికి ‘యె మి త్ర్ఝిత్సెత్ లెత్’. ప్రతిచోటా ‘నాకు’ అనే అర్థమిచ్చే ‘మి’ ఉంది. ఇంగ్లీషులో అన్నిచోట్లా ‘నేను’ ఉంటుంది. ‘మీకు ఫోన్ చేస్తాను’, ‘మీకు సాయం చేస్తాను’ అన్నవి ‘జవొలామ్ వామ్’, ‘పొమూఝు వామ్’. ఇంగ్లీషు మీదుగా వచ్చినవారు ఇక్కడ నాలుగో విభక్తి వాడి తప్పుతారు. తెలుగు నుంచి వస్తే తప్పడానికి అవకాశమే తక్కువ. పదక్రమం కూడా అంతే. ‘పవెల్ విదీ తొమాషె’ అన్నా, ‘తొమాషె విదీ పవెల్’ అన్నా చూసినవాడు పవెలే. రాముడు రావణుణ్ణి చంపాడన్నా, రావణుణ్ణి రాముడు చంపాడన్నా మనకు అయోమయం లేనట్టే వారికీ లేదు.

తెలుగు దారి తప్పించే చోట్లు కూడా ఉన్నాయి, వాటిని ముందే తెలుసుకోవాలి. మన ‘కి’ ఒక్కటే చెక్‌లో నాలుగు దారులు పడుతుంది. మనిషికి ఏదైనా ఇస్తే ఉపసర్గ లేని మూడో విభక్తి. మనిషి దగ్గరికి వెళితే ‘క్’ అనే ఉపసర్గతో మూడో విభక్తి. ఊరికో బడికో వెళితే ‘దొ’ అనే ఉపసర్గతో రెండో విభక్తి. డాక్టరు దగ్గరికి ‘క్ దొక్తొరొవి’, బడికి ‘దొ ష్కొలి’. స్టేషనుకు, సంగీత కచేరీకి మాత్రం ‘న’ అనే ఉపసర్గతో నాలుగో విభక్తి వాడతారు. ఏ చోటికి ‘దొ’, ఏ చోటికి ‘న’ అన్నది ఆయా చోట్లతోపాటే నేర్చుకోవలసిన సంగతి. మన ‘తో’ రెండుగా చీలుతుంది: అమ్మతో వెళ్ళాను అన్నప్పుడు ‘స్ మమింకౌ’, కలంతో రాశాను అన్నప్పుడు ఉపసర్గ లేకుండా ‘పెరెమ్’. పనిముట్టుకూ ప్రయాణ సాధనానికీ ‘స్’ చేర్చడం మనవాళ్ళందరి నోటా వినిపించే తప్పు. రైల్లో వెళ్ళడం ‘వ్లకెమ్’ మాత్రమే. ‘నిన్ను నమ్ముతున్నాను’ అనే మన ద్వితీయ చెక్‌లో మూడో విభక్తి అవుతుంది: ‘వ్యెర్ఝీమ్ తి’. ఇలాంటి క్రియలను ‘నమ్ము, మూడు’, ‘భయపడు, రెండు’ అన్నట్టు విభక్తి అంకెతోనే రాసిపెట్టుకోండి.

ప్రత్యయం చేరినప్పుడు మాట లోపల కూడా మారడం చూసి కొందరు విసుగుపడతారు. చెయ్యి అనే ‘రుక’ చేతిలో అన్నప్పుడు ‘వ్ రుత్సె’, పుస్తకం అనే ‘క్నిహ’ పుస్తకంలో అన్నప్పుడు ‘వ్ క్నిజె’, ఇంటి కప్పు అనే ‘స్త్ర్ఝెఖ’ ఇంటి కప్పు మీద అన్నప్పుడు ‘న స్త్ర్ఝెషె’ అవుతాయి. బల్ల అనే ‘స్తూల్’ రెండో విభక్తిలో ‘స్తొలు’. మన ఇల్లు ‘ఇంటికి’, చెయ్యి ‘చేతికి’, నోరు ‘నోటికి’ అవుతున్నప్పుడు ఏ పిల్లవాడూ విసుక్కోడు. ఇలా విభక్తి ముందు రూపం మారే మాటలు, అంటే ఔపవిభక్తికాలు, పుట్టుకతో వచ్చిన మనకు ఈ మార్పుల వెనుక క్రమం ఉందని నమ్మడం సులువు కావాలి. నిజంగానే క్రమం ఉంది: ఆ ఎకారం ముందు ‘క’ కాస్తా ‘త్స’, ‘హ’ కాస్తా ‘జ’, ‘ఖ’ కాస్తా ‘ష’, ‘ర’ కాస్తా ‘ర్ఝ’ అవుతాయి. ఈ నాలుగూ వస్తే చాలు.

వరుస విషయంలో నా సలహా పాఠ్యపుస్తకాల వరుస కాదు, అవసరాల వరుస. ముందు నాలుగో విభక్తి ఏకవచనం. కావాలని అడిగే ప్రతి వస్తువూ అందులోనే ఉంటుంది, మారేది సజీవ పుంలింగమూ స్త్రీలింగమూ మాత్రమే. దానితోపాటు రెండో విభక్తినీ ఆరో విభక్తినీ ఊళ్ళ పేర్ల మీద నేర్చుకోండి. ‘దొ ప్రహి, వ్ ప్రజె’. ‘దొ బ్ర్న, వ్ బ్ర్న్యె’. ‘దొ ప్ల్జ్న్యె, వ్ ప్ల్జ్ని’. ‘దొ లిబెర్త్సె, వ్ లిబెర్త్సి’. ‘దొ పర్దుబిత్స్, వ్ పర్దుబిత్సీఖ్’. ప్రహ, బ్ర్నొ, ప్ల్జెన్య్, లిబెరెత్స్, పర్దుబిత్సె అనే ఈ ఐదు పేర్లలో అకారాంత స్త్రీలింగం, నపుంసకం, హలంత స్త్రీలింగం, పుంలింగం, బహువచనం ఐదూ వచ్చేశాయి. నిన్న ఎక్కడికి వెళ్ళారు, ఇప్పుడు ఎక్కడ ఉన్నారు అని మిమ్మల్ని మీరే అడిగి, ఊరు మార్చి మార్చి జవాబు చెప్పుకోండి. పట్టికలో నెల పట్టేది ఇక్కడ త్వరగా నోటికెక్కుతుంది.

ఆ తరువాత ఏడోది. దాన్ని కాఫీ దుకాణంలోనే నేర్చుకోవచ్చు. ‘యెద్ను కావు స్ మ్లేకెమ్ బెజ్ త్సుక్రు’, అంటే పాలతో, చక్కెర లేకుండా ఒక కాఫీ. ఇందులో ‘కావు’ నాలుగో విభక్తి, ‘మ్లేకెమ్’ ఏడోది, ‘త్సుక్రు’ రెండోది. పైగా స్త్రీలింగం, నపుంసకం, పుంలింగం మూడూ ఉన్నాయి. మాంసం తినని మనవాళ్ళు ‘బెజ్ మస’ అని మొదటి వారంలోనే నేర్చుకుంటారు, అది కూడా రెండో విభక్తే. ఇలాంటి ఒక వాక్యాన్ని తీసుకొని చాయ్‌కి, నిమ్మకాయకు, రొట్టెకు మార్చుకుంటూ పోతే విభక్తులు వాటంతటవే స్థిరపడతాయి.

బహువచనాన్ని మొత్తంగా ఇప్పుడే ఎత్తుకోవద్దు, కాని రెండో విభక్తి బహువచనం మాత్రం వెంటనే కావాలి, ఎందుకంటే 5 నుంచి పైకి అంకెలన్నీ దాన్నే కోరతాయి. ఒకటికి ‘కొరున’, 2 నుంచి 4 వరకు ‘కొరుని’, 5 అయితే ‘కొరున్’. బిల్లు చెప్పే ప్రతిసారీ ఇది మీ చెవిన పడుతున్నది, వినడం మొదలుపెట్టడమే తరువాయి. స్త్రీలింగ అకారాంతాలకూ నపుంసక ఒకారాంతాలకూ ఇక్కడ చివరి అచ్చు ఊడిపోతుంది. పుంలింగానికి ఊకారం చేరుతుంది. క్రియ కూడా మారుతుందని మరవవద్దు. ఇద్దరు విద్యార్థులు వస్తే ‘ప్ర్ఝిష్లి’ అని బహువచనం, ఐదుగురు వస్తే ‘ప్ర్ఝిష్లొ’ అని నపుంసక ఏకవచనం. ‘ఐదుగురు వచ్చారు’ అనే మన అలవాటుకు ఇది పూర్తిగా విరుద్ధం, కాబట్టి దీనికి ప్రత్యేకంగా సాధన అవసరం. మిగిలిన మూడు, ఆరు, ఏడు విభక్తుల బహువచనాలు చాలా క్రమబద్ధంగా ఉంటాయి, చివరికి వదిలినా నష్టం లేదు.

ఇంత అయ్యాక పట్టిక తెరవండి. సంస్కృతంలో రామ శబ్దం, హరి శబ్దం వల్లె వేసినవారికి ఆ 14 నమూనాలు కొత్తగా ఉండవు: పుంలింగానికి ఆరు, స్త్రీలింగానికి నాలుగు, నపుంసకానికి నాలుగు. అప్పుడు మీకు తెలిసిన వాక్యాలే గళ్ళలో కూర్చొని కనబడతాయి. ఎన్ని గళ్ళు ఒకేలా ఉన్నాయో కూడా అప్పుడే తెలుస్తుంది. నపుంసకంలో ఒకటి, నాలుగు, ఐదు ఎప్పుడూ ఒకటే. స్త్రీలింగ ఏకవచనంలో మూడు, ఆరు ఒకటే. ‘నాద్రఝీ’ వంటి మాట ఏకవచనంలో ఏడో విభక్తిలో తప్ప ఎక్కడా మారదు. అనుమానం వచ్చిన మాటకు చెక్ సైన్సెస్ అకాడమీకి చెందిన చెక్ భాషా సంస్థ ఇంటర్నెట్‌లో ఉచితంగా అందిస్తున్న భాషా కరదీపికను చూడండి; మాట టైపు చేస్తే లింగమూ అన్ని విభక్తి రూపాలూ వస్తాయి.

శాశ్వత నివాసానికి 2021 సెప్టెంబరు నుంచి, యూరప్‌లో భాషా ప్రావీణ్యాన్ని కొలిచే మెట్లలో ఏ1కు బదులు దాని పైదైన ఏ2 స్థాయి పరీక్ష అడుగుతున్నారు, పౌరసత్వానికి బి1 కావాలి. మీ లక్ష్యం మొదటిదైతే, ఏకవచనంలోని విభక్తులూ రెండో విభక్తి బహువచనమూ గట్టిపడటమే ముందు చూసుకోవలసినది. వీధిలో మాత్రం పుస్తకంలో లేనిది వింటారు. స్నేహితులతో అనడానికి పుస్తకం ‘స్ కమరాది’ అంటుంది, మాట్లాడేవారు ‘స్ కమరాదమ’ అంటారు. ఏడో విభక్తి బహువచనంలో ఈ ‘మ’ వ్యావహారికంలో అంతటా వినిపిస్తుంది. వింటే అర్థం చేసుకోండి, పరీక్షలో రాయవద్దు. కళ్ళతో, చేతులతో అనే ‘ఒచిమ’, ‘రుకమ’ మాత్రం గ్రాంథికంలోనూ అవే. పాత ద్వివచనం మిగిల్చిన రూపాలవి.

ఐదో విభక్తి గురించి విడిగా చెప్పనవసరం లేదనుకున్నాను గాని, మీ పేర్లకు సంబంధించినది కనుక చెబుతున్నాను. మనం ‘కృష్ణా’, ‘సురేశా’ అని పిలిచినట్టే వారు ‘క్రిష్నొ’, ‘సురెషి’ అని పిలుస్తారు. సీత గురించి మాట్లాడితే ‘ఒ సీత్యె’, సీతతో అంటే ‘సె సీతౌ’. రవి అనే పేరు ‘రవిహొ’, ‘రవిము’, ‘స్ రవిమ్’ అవుతుంది. లక్ష్మి వంటి ఇకారాంతపు స్త్రీ నామాలు సాధారణంగా మారవు. కార్యాలయం నుంచి వచ్చిన ఉత్తరంలో మీ పేరు చివర ఇలా మారి కనిపిస్తే పేరు తప్పుగా రాశారని సరిదిద్దమని అడగవద్దు. అది ఏ విభక్తిలో ఉందో, ఏ ఉపసర్గ లేదా ఏ క్రియ దాన్ని అక్కడ కోరిందో చూసి, ఆ వాక్యాన్ని మీ నోట్‌బుక్‌లో రాసుకోండి.